లినక్స్ అప్‌గ్రేడ్ తరువాత శబ్దం రాకపోతే: అడుగు పొర నుంచి పైకి వెదకవలసిన తీరు

ఉబుంటు 22.04 నుంచి 24.04కు, లినక్స్ మింట్ 21 నుంచి 22కు, డెబియన్ 11 నుంచి 12కు మారిన కంప్యూటర్లలో తెర, కీబోర్డు, వైఫై అన్నీ మామూలుగానే ఉండి శబ్దం ఒక్కటే పోయే సందర్భాలు ఉంటాయి. చెన్నైలో రిచీ స్ట్రీట్ ఎలక్ట్రానిక్స్ బజారులో కొన్న పాత ఆఫీసు లాప్‌టాప్ మీద లినక్స్ వేసుకుని, దానితోనే పిల్లల ఆన్‌లైన్ పాఠాలు, నెల్లూరులోనో తిరుపతిలోనో ఉన్న పెద్దవాళ్ళతో వీడియో కాల్స్, సాయంత్రం సంగీతం క్లాసు నడుపుకునే తెలుగు ఇంట్లో శబ్దం పోయిందంటే ఆ యంత్రం చాలా మటుకు మూలపడినట్టే. అలాంటప్పుడు దొరికిన కమాండ్లన్నీ వరసగా కొట్టి చూడడమో, విసిగిపోయి అంతా చెరిపి కొత్తగా ఇన్‌స్టాల్ చేయడమో జరుగుతుంటుంది. ఈ రెండూ వద్దని నా గట్టి అభిప్రాయం. మొదటిది అసలు కారణం మీద మరికొన్ని కొత్త కారణాలను పేరుస్తుంది. రెండవది కర్నెల్‌లోనో (లినక్స్‌కు గుండెకాయ లాంటి మూల ప్రోగ్రాము), ఫర్మ్‌వేర్‌లోనో (చిప్ పని చేయడానికి దానిలోకి ఎక్కించే ప్రోగ్రాము) ఉన్న లోపాన్ని తాకకుండానే ఒక రోజు పనిని మింగేస్తుంది.

ఈ మార్గదర్శిలో కమాండ్లను పలికే తీరులో తెలుగు లిపిలోనే ఇస్తున్నాను. టెర్మినల్‌లో (కమాండ్లు కొట్టే కిటికీలో) వాటిని ఇంగ్లిష్ చిన్న అక్షరాలతో కొట్టాలి. గీతలు, చుక్కలు, ఖాళీలు ఇక్కడ ఎలా ఉంటే అక్కడా అలాగే ఉండాలి.

శబ్దం నడిచే దారి

లినక్స్‌లో శబ్దం మూడు పొరల మీదుగా ప్రయాణిస్తుంది. అడుగున కర్నెల్‌లోని ఆల్సా ఉంటుంది. సౌండ్ చిప్‌తో నేరుగా మాట్లాడే డ్రైవర్లు దీనివి. ఇది 2003 డిసెంబరులో వచ్చిన 2.6 కర్నెల్‌తో ప్రధాన స్రవంతిలోకి చేరింది. దాని పైన సౌండ్ సర్వర్ ఉంటుంది. బ్రౌజరు, వీడియో ప్లేయరు, కాల్ ప్రోగ్రాము ఒకేసారి పంపే శబ్దాలను కలిపి ఏ స్పీకరుకు పంపాలో ఇదే చూసుకుంటుంది. అన్నిటికంటే పైన మనం వాడే ప్రోగ్రాములు ఉంటాయి.

అప్‌గ్రేడ్ వేళ గందరగోళం ఎక్కువగా మధ్య పొరలోనే పుడుతుంది, దానికి చారిత్రకమైన కారణం ఉంది. 2007లో ఫెడోరా 8, 2008లో ఉబుంటు 8.04 పల్స్ఆడియో అనే సర్వర్‌ను స్వీకరించాయి. చాలా ఏళ్ళు అదే నడిచింది. తరువాత విమ్ టేమన్స్ రూపొందించిన పైప్‌వైర్ దాని స్థానంలోకి వచ్చింది. 2021లో ఫెడోరా 34, 2022 అక్టోబరులో ఉబుంటు 22.10, 2024లో లినక్స్ మింట్ 22 దానికి మారాయి. దీర్ఘకాల మద్దతు ఉన్న వెర్షన్లను మాత్రమే వాడేవారు 22.04 నుంచి నేరుగా 24.04కు దూకుతారు కనుక, ఈ సర్వర్ మార్పు వారికి ఒక్క రాత్రిలో, ఏ హెచ్చరికా లేకుండా జరుగుతుంది. పాత సర్వర్ కోసం రాసుకున్న సెట్టింగులు ఇంటి ఫోల్డరులో అలాగే మిగిలి ఉంటాయి.

అపార్ట్‌మెంటులో కుళాయి నుంచి నీళ్ళు రాకపోతే ముందు కింద సంపులో నీరుందా, తరువాత మోటారు తిరుగుతోందా, పై ట్యాంకు నిండిందా అని చూస్తామే గాని కుళాయిని విప్పి కూర్చోము. ఇక్కడా అదే వరుసలో, కర్నెల్ నుంచి మొదలుపెట్టి పైకి రావాలి. కింది పొర సరిగ్గా ఉందని తేలాకే పై పొరను ముట్టుకోవాలి.

ఏదీ మార్చక ముందు

ముందుగా కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయకుండా పూర్తిగా షట్‌డౌన్ చేసి, కొద్దిసేపు ఆగి మళ్ళీ ఆన్ చేయాలి. అదే యంత్రంలో విండోస్ కూడా ఉన్నవారికి ఇది మరీ ముఖ్యం. విండోస్‌లోని ఫాస్ట్ స్టార్టప్ సదుపాయం వల్ల సౌండ్ చిప్ సగం నిద్రలో మిగిలిపోయి లినక్స్‌కు స్పందించకపోవచ్చు. ఆ సదుపాయాన్ని విండోస్‌లోనే ఆపివేయాలి.

తరువాత సెట్టింగ్స్‌లోని సౌండ్ పేజీ తెరిచి అవుట్‌పుట్‌గా ఏ పేరు కనిపిస్తోందో చూడాలి. స్పీకర్ల పేరు ఉండి శబ్దం మాత్రమే రాకపోతే అది చాలా మటుకు మ్యూట్, తప్పు అవుట్‌పుట్ లేదా తప్పు ప్రొఫైల్ (కార్డు ఏ పద్ధతిలో పని చేయాలో చెప్పే ఎంపిక) సమస్య. మానిటర్‌నో టీవీనో హెచ్‌డీఎంఐ తీగతో కలిపి ఉన్నప్పుడు అప్‌గ్రేడ్ తరువాత శబ్దమంతా ఆ తీగలోకి మళ్ళిపోవడం కూడా జరుగుతుంది. ఒకవేళ "డమ్మీ అవుట్‌పుట్" అని మాత్రమే కనిపిస్తే, సౌండ్ సర్వర్‌కు ఒక్క సౌండ్ కార్డు కూడా అందలేదని అర్థం. అప్పుడు కింది మెట్లన్నీ వరసగా ఎక్కవలసిందే.

ఇక్కడే ఒక కాగితం దగ్గర పెట్టుకోమని చెబుతాను. మార్చిన ప్రతి ఫైలు పేరు, కొట్టిన ప్రతి కమాండు దాని మీద రాయండి. ఒకసారికి ఒక్క మార్పే చేయండి. పని చేయని మార్పును వెంటనే వెనక్కు తీయండి. శబ్దం తిరిగి వచ్చినప్పుడు ఏ మార్పు వల్ల వచ్చిందో తెలియకపోతే వచ్చే అప్‌గ్రేడ్‌కు మళ్ళీ మొదటి నుంచి వెదకవలసి వస్తుంది.

కారణం ఎటువైపు ఉందో తేల్చే రెండు పరీక్షలు

వీటిని చాలామంది వదిలేస్తారు గాని, నా దృష్టిలో ఈ మార్గదర్శి మొత్తంలో అన్నిటికంటే ఎక్కువ సమయం ఆదా చేసేవి ఇవే. మొదటి పరీక్షగా కంప్యూటర్‌లో కొత్త యూజర్ ఖాతా ఒకటి సృష్టించి, మీ ఖాతా నుంచి లాగౌట్ అయి, అందులోకి లాగిన్ కావాలి. అక్కడ శబ్దం వస్తే కర్నెల్, డ్రైవర్, సర్వర్ అన్నీ బాగున్నట్టే. లోపం మీ ఇంటి ఫోల్డరులోని పాత సెట్టింగులలో ఉంది కనుక మీరు నేరుగా "ఇంటి ఫోల్డరులోని పాత అవశేషాలు" అనే భాగానికి వెళ్ళవచ్చు.

కొత్త ఖాతాలోనూ శబ్దం రాకపోతే రెండవ పరీక్ష చేయాలి. అప్‌గ్రేడ్ అయిన అదే వెర్షన్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసి, ఇన్‌స్టాల్ చేయకుండా "ట్రై" ఎంపికతో నడిపి చూడాలి. అక్కడ శబ్దం వస్తే హార్డ్‌వేర్‌లో గాని, కొత్త కర్నెల్‌లో గాని దోషం లేదు. అప్‌గ్రేడ్ సమయంలో ప్యాకేజీలు సరిగా సర్దుకోలేదని గాని, సిస్టమ్ స్థాయి సెట్టింగు ఏదో పాతది మిగిలిందని గాని అనుకోవాలి. అక్కడా రాకపోతే కర్నెల్, ఫర్మ్‌వేర్, హార్డ్‌వేర్ ఈ మూడింటిలోనే వెదకాలి. అలాంటప్పుడు కొత్తగా ఇన్‌స్టాల్ చేసినా ఫలితం ఉండదని ఈ పరీక్షే ముందుగా చెప్పేస్తుంది.

మొదటి మెట్టు: కర్నెల్‌కు కార్డు కనిపిస్తోందా

టెర్మినల్ తెరిచి "ఏప్లే -ఎల్" అని కొట్టండి. "కార్డ్ 0" లేదా "కార్డ్ 1" అంటూ పేర్లు వస్తే కర్నెల్ కార్డును గుర్తించింది. హెచ్‌డీఎంఐ పేర్లు మాత్రమే వచ్చి అనలాగ్ స్పీకర్ల పేరు లేకపోయినా, అసలేమీ రాకపోయినా, "ఎల్‌ఎస్‌పీసీఐ -కే" కొట్టి ఆడియో అని ఉన్న వరుసను వెదికి, దాని కింద "కర్నెల్ డ్రైవర్ ఇన్ యూజ్" అన్న చోట ఏ డ్రైవర్ పేరుందో చూడాలి. ఆపైన "సూడో జర్నల్‌సీటీఎల్ -బీ -కే" కొడితే (సూడో అంటే ఆ కమాండును అడ్మిన్ హక్కులతో నడపడం) ఈసారి కంప్యూటర్ ఆన్ (బూట్) అయినప్పటి నుంచి కర్నెల్ రాసిన సందేశాలన్నీ వస్తాయి. వాటిలో "ఎస్‌ఓఎఫ్", "ఎస్‌ఎన్‌డీ", "ఫర్మ్‌వేర్" అన్న మాటలున్న వరుసలను జాగ్రత్తగా చదవాలి.

ఇటీవలి ఇంటెల్ లాప్‌టాప్‌లలో, అందులోనూ తెర దగ్గర డిజిటల్ మైకులున్న మోడళ్ళలో, సౌండ్ ఓపెన్ ఫర్మ్‌వేర్ అనే ఫైళ్ళు లేకుండా శబ్దం నడవదు. ఆ ఫైలు దొరకలేదని కర్నెల్ సందేశం చెబుతుంటే ఉబుంటు, డెబియన్‌లలో "ఫర్మ్‌వేర్-ఎస్‌ఓఎఫ్-సైన్డ్" ప్యాకేజీని, ఫెడోరాలో "ఆల్సా-ఎస్‌ఓఎఫ్-ఫర్మ్‌వేర్" ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేసి పూర్తిగా షట్‌డౌన్ చేసి ఆన్ చేయాలి.

డెబియన్ వాడేవారికి ఇక్కడ ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. డెబియన్ 11 వరకు ఇలాంటి ఫర్మ్‌వేర్ "నాన్-ఫ్రీ" అనే విభాగంలో ఉండేది. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12లో దాన్ని విడదీసి "నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్" అనే కొత్త విభాగంలో పెట్టారు. అప్‌గ్రేడ్ చేసేటప్పుడు "/ఈటీసీ/ఏపీటీ/సోర్సెస్.లిస్ట్" ఫైలులో వెర్షన్ పేరు మాత్రమే మార్చి ఈ కొత్త విభాగం చేర్చకపోతే, ఫర్మ్‌వేర్ పాత వెర్షన్ దగ్గరే నిలిచిపోతుంది. కొత్త కర్నెల్ కోరే ఫైలు దానిలో ఉండకపోవచ్చు. చెన్నైలోని సీ-డాక్ అనే ప్రభుత్వ సంస్థ రూపొందించిన బాస్ లినక్స్ కూడా డెబియన్ ఆధారంగా తయారైనదే కనుక, దాన్ని వాడేవారు సైతం ఫర్మ్‌వేర్ ప్యాకేజీ ఉందో లేదో చూసుకోవడం మంచిది.

ఫర్మ్‌వేర్ ఉన్నా కార్డు రాకపోతే "/ఈటీసీ/మోడ్‌ప్రోబ్.డీ" ఫోల్డరులో మీరుగాని, యంత్రాన్ని మీకు అమ్మినవారుగాని ఎప్పుడో రాసిన ఫైళ్ళను చూడండి. 2020 ప్రాంతంలో కొత్త లాప్‌టాప్‌లలో శబ్దం రావడానికి "ఆప్షన్స్ ఎస్‌ఎన్‌డీ-హెచ్‌డీఏ-ఇంటెల్ డీఎంఐసీ_డిటెక్ట్=0" అనే వరుసను చేర్చడం పరిపాటి. నేటి కర్నెల్‌లో ఆ పద్ధతికి కాలం చెల్లింది. ఆ వరుస మిగిలి ఉంటే స్పీకర్లు పలికినా లోపలి మైకు మూగబోతుంది. వరుస ముందు హాష్ (#) గుర్తు పెట్టి దాన్ని ఆపివేసి, "సూడో అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ -యూ" కొట్టి, మళ్ళీ బూట్ చేసి చూడాలి. దీనికి విరుద్ధంగా, కొత్త డ్రైవర్ ఎంతకూ పలకకపోతే పరీక్ష కోసం "ఆప్షన్స్ ఎస్‌ఎన్‌డీ-ఇంటెల్-డీఎస్‌పీసీఎఫ్‌జీ డీఎస్‌పీ_డ్రైవర్=1" అని అదే ఫోల్డరులో ఒక కొత్త ఫైలులో రాస్తే పాత పద్ధతి డ్రైవర్ నడుస్తుంది. స్పీకర్లు పలకవచ్చు గాని డిజిటల్ మైకు పని చేయదు. అందుచేత ఇది నిర్ధారణకు పనికి వస్తుందే తప్ప క్లాసులకు, కాల్స్‌కు శాశ్వత పరిష్కారం కాదు.

ఏఎండీ లాప్‌టాప్‌లలో లోపలి మైకు కథ వేరు. అనేక రైజెన్ మోడళ్ళకు కర్నెల్‌లోని డ్రైవర్ జాబితాలో ఆ మోడల్ పేరు ఉంటేనే మైకు తెరుచుకుంటుంది. పేరు లేకపోతే ఎన్ని సెట్టింగులు మార్చినా ప్రయోజనం లేదు, మరింత కొత్త కర్నెల్ వచ్చేవరకు యూఎస్‌బీ మైకు వాడుకోవలసిందే.

కొత్త కర్నెల్ మీదే అనుమానం ఉంటే, బూట్ అయ్యేటప్పుడు గ్రబ్ మెనూలో (ఏ సిస్టమ్‌ను నడపాలో ఎంచుకునే తొలి తెరలో) అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్ళి పాత కర్నెల్‌తో ఒకసారి నడిపి చూడండి. అందులో శబ్దం వస్తే నేరం కర్నెల్‌దేనని స్పష్టంగా తేలుతుంది. ఈ కారణంగానే అప్‌గ్రేడ్ అయిన వెంటనే పాత కర్నెళ్ళను తొలగించవద్దని అంటాను.

రెండవ మెట్టు: మ్యూట్

"ఆల్సామిక్సర్" అని కొట్టండి. ఎఫ్6 నొక్కి అసలు కార్డును ఎంచుకోవాలి. మాస్టర్, స్పీకర్, హెడ్‌ఫోన్ అనే నిలువు గీతల కింద "ఎంఎం" అని ఉంటే మ్యూట్‌లో ఉన్నట్టు, "ఓఓ" అని ఉంటే తెరిచి ఉన్నట్టు. ఎం అక్షరం నొక్కితే మారుతుంది. మైకు కోసం ఎఫ్4 నొక్కాలి. ఆటో-మ్యూట్ మోడ్ అనే గీత ఉంటే దాన్ని డిసేబుల్ చేసి చూడండి, హెడ్‌ఫోన్ రంధ్రంలో ఏమీ లేకపోయినా ఉన్నట్టు పొరబడే యంత్రాలున్నాయి. శబ్దం వచ్చాక "సూడో ఆల్సాసీటీఎల్ స్టోర్" కొడితే ఆ స్థితి భద్రమవుతుంది.

ఇప్పుడు మధ్య పొరను తప్పించి నేరుగా పరీక్షించవచ్చు. అన్ని ప్రోగ్రాములూ మూసివేసి, "స్పీకర్-టెస్ట్ -డీ ప్లగ్‌హెచ్‌డబ్ల్యూ:0,0 -సీ 2 -టీ డబ్ల్యూఏవీ" అని కొట్టండి. ఇందులో డీ ఒక్కటి పెద్ద అక్షరం. మొదటి సున్నా కార్డు సంఖ్య, రెండవది డివైస్ సంఖ్య, వాటిని "ఏప్లే -ఎల్" చూపినట్టుగా మార్చుకోవాలి. ఎడమ, కుడి స్పీకర్లలో మాట వినిపిస్తే అడుగు పొర సవ్యంగా ఉంది. ఇక కర్నెల్ జోలికి పోనక్కరలేదు.

మూడవ మెట్టు: ఏ సర్వర్ నడుస్తోంది

"పీఏసీటీఎల్ ఇన్ఫో" కొట్టి సర్వర్ నేమ్ అన్న వరుస చూడండి. "పల్స్ఆడియో (ఆన్ పైప్‌వైర్...)" అని ఉంటే కొత్త సర్వర్ పాతదాని భాషలో ప్రోగ్రాములతో మాట్లాడుతోందని అర్థం, అది సరైన స్థితి. ఉత్త "పల్స్ఆడియో" అని మాత్రమే ఉంటే పాతదే ఇంకా నడుస్తోంది. కనెక్షన్ నిరాకరించబడిందని వస్తే ఏ సర్వరూ నడవడం లేదు.

అప్పుడు "సిస్టమ్‌సీటీఎల్ --యూజర్ స్టేటస్ పైప్‌వైర్ పైప్‌వైర్-పల్స్ వైర్‌ప్లంబర్" కొట్టాలి. దీని ముందు సూడో చేర్చకూడదు, ఎందుకంటే ఈ మూడూ రూట్ (అడ్మిన్) పేరు మీద కాక లాగిన్ అయిన యూజర్ పేరు మీద నడిచే సేవలు. మూడింటికీ "యాక్టివ్" అని రావాలి. ఎక్కడైనా "మాస్క్‌డ్" అని ఉంటే, పాత వెర్షన్‌లో ఎవరో పైప్‌వైర్‌ను కావాలని అడ్డుకున్నారన్నమాట. ఆ అడ్డు అప్‌గ్రేడ్‌తో తొలగిపోదు. "సిస్టమ్‌సీటీఎల్ --యూజర్ అన్‌మాస్క్" తరువాత ఆ సేవ పేరు రాసి తొలగించాలి. వైర్‌ప్లంబర్ ఒక్కటే ఆగిపోయి ఉంటే పైప్‌వైర్ నడుస్తున్నా ఒక్క కార్డూ కనిపించదు, ఎందుకంటే కార్డులను వెదికి కలిపే పని దానిది.

ప్యాకేజీలే లేకపోతే ఉబుంటు 24.04, డెబియన్ 12లలో "సూడో ఏపీటీ ఇన్‌స్టాల్ పైప్‌వైర్-ఆడియో" సరిపోతుంది. ఇది పాత పల్స్ఆడియో ప్యాకేజీని తొలగిస్తానని చెప్పవచ్చు, దానికి ఒప్పుకోవచ్చు. అయితే జాబితాలో డెస్క్‌టాప్‌కు చెందిన పెద్ద ప్యాకేజీలు తొలగింపు కింద కనిపిస్తే మాత్రం ఒప్పుకోకుండా ఆగిపోవాలి. 22.04లో బయటి పీపీఏ (ఉబుంటుది కాక బయటివారు నడిపే ప్యాకేజీల భండారం) నుంచి పైప్‌వైర్ వేసుకున్నవారు "ఏపీటీ పాలసీ పైప్‌వైర్" కొట్టి ఇప్పుడున్న వెర్షన్ ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి. అప్‌గ్రేడ్ సమయంలో ఉబుంటు ఆ పీపీఏలను ఆపివేస్తుంది గాని, వాటి నుంచి వచ్చిన ప్యాకేజీలు మిగిలిపోయి కొత్తవాటితో పొసగకపోవచ్చు.

అన్నీ ఉన్నాక "సిస్టమ్‌సీటీఎల్ --యూజర్ రీస్టార్ట్ పైప్‌వైర్ పైప్‌వైర్-పల్స్ వైర్‌ప్లంబర్" కొట్టి, "డబ్ల్యూపీసీటీఎల్ స్టేటస్" తో చూడండి. సింక్స్ అన్న భాగంలో నక్షత్రం గుర్తు ఉన్నదే ప్రస్తుత అవుట్‌పుట్. వేరేది కావాలంటే "డబ్ల్యూపీసీటీఎల్ సెట్-డిఫాల్ట్" తరువాత దాని సంఖ్య రాయాలి. ప్రొఫైల్ మార్చడానికి "పావుకంట్రోల్" ప్రోగ్రాములోని కాన్ఫిగరేషన్ పేజీ సులువైనది. అది పల్స్ఆడియో కాలం నాటిదైనా పైప్‌వైర్‌తో చక్కగా పని చేస్తుంది.

ఇంటి ఫోల్డరులోని పాత అవశేషాలు

కొత్త ఖాతాలో శబ్దం వచ్చి మీ ఖాతాలో రాకపోతే ఈ చోట్లు చూడాలి. ఇంటి ఫోల్డరులో చుక్కతో మొదలయ్యే "అసౌండ్‌ఆర్‌సీ" ఫైలు ఒకటి. ".కాన్ఫిగ్/పల్స్" ఫోల్డరు రెండవది. ".కాన్ఫిగ్/పైప్‌వైర్", ".కాన్ఫిగ్/వైర్‌ప్లంబర్", ".లోకల్/స్టేట్/వైర్‌ప్లంబర్" మిగిలినవి. వీటిని చెరపకండి, పేరు చివర "పాతది" అని చేర్చి పక్కన పెట్టి, లాగౌట్ అయి తిరిగి లాగిన్ కావాలి.

".కాన్ఫిగ్/పల్స్"లోని "క్లయింట్.కాన్ఫ్" ఫైలును పైప్‌వైర్ కాలంలోనూ ప్రోగ్రాములు చదువుతూనే ఉంటాయి. అందులో ఎప్పుడో రాసిన డిఫాల్ట్-సర్వర్ చిరునామా ఉంటే అవి లేని సర్వర్‌ను వెదుక్కుంటూ పోతాయి. పక్కనే ఉండే "డిఫాల్ట్.పీఏ" ఫైలును మాత్రం పైప్‌వైర్ చదవనే చదవదు. ప్రతిధ్వని తగ్గించడానికి అందులో ఎకో-క్యాన్సిల్ మాడ్యూల్ వరుస రాసుకున్నవారికి అప్‌గ్రేడ్ తరువాత శబ్దం వచ్చినా అవతలివారికి ప్రతిధ్వని వినిపించేది ఇందువల్లనే. ఆ ఏర్పాటును ".కాన్ఫిగ్/పైప్‌వైర్/పైప్‌వైర్.కాన్ఫ్.డీ" ఫోల్డరులో కొత్త పద్ధతిలో తిరిగి రాసుకోవాలి. వైర్‌ప్లంబర్ కూడా 2024లో వచ్చిన 0.5 వెర్షన్ నుంచి లువా భాషలో రాసిన పాత సెట్టింగు ఫైళ్ళను పట్టించుకోదు. ఉబుంటు 24.04లో 0.4 ఉంది కనుక అక్కడ ఇబ్బంది లేదు గాని, ఫెడోరా 40, డెబియన్ 13లకు మారినవారు గుర్తుంచుకోవాలి.

శబ్దం వచ్చి సరిగా లేనప్పుడు

చిటపటలు వస్తుంటే "పీడబ్ల్యూ-టాప్" కొట్టి, పాట నడుస్తుండగా ఈఆర్‌ఆర్ అన్న గడిలోని సంఖ్య పెరుగుతోందేమో చూడండి. పెరుగుతుంటే ప్రాసెసర్ సమయానికి శబ్దాన్ని అందించలేకపోతోంది. "పీడబ్ల్యూ-మెటాడేటా -ఎన్ సెట్టింగ్స్ 0 క్లాక్.ఫోర్స్-క్వాంటమ్ 1024" కొడితే ఒక్కో విడతలో పంపే శాంపిళ్ళు 1024 అవుతాయి, 48000 రేటు దగ్గర అది సుమారు 21 మిల్లీసెకన్లు. ఫలితం ఉంటే 2048 వరకు వెళ్ళవచ్చు. చివర సంఖ్య 0 ఇస్తే మామూలు స్థితికి వస్తుంది.

ప్రతి శబ్దం మొదట్లో ఒక అక్షరం మింగేసినట్టు వినిపించినా, టప్ మని చప్పుడు వచ్చినా, అది విద్యుత్ పొదుపు వల్ల కావచ్చు. మోడ్‌ప్రోబ్ ఫోల్డరులో "ఆప్షన్స్ ఎస్‌ఎన్‌డీ_హెచ్‌డీఏ_ఇంటెల్ పవర్_సేవ్=0" అనే వరుసతో ఫైలు రాస్తే చిప్ నిద్రపోదు. బ్యాటరీ కొంచెం ఎక్కువ ఖర్చవుతుంది.

బ్లూటూత్ హెడ్‌సెట్ జతపడి శబ్దం రాకపోతే "లిబ్‌ఎస్‌పీఏ-0.2-బ్లూటూత్" ప్యాకేజీ ఉందో లేదో చూడాలి. పల్స్ఆడియో నాటి బ్లూటూత్ మాడ్యూల్ ఇప్పుడు అక్కరకు రాదు. ఇక కాల్ మొదలవగానే గొంతు బావిలోంచి వచ్చినట్టు మారితే అది లోపం కాదు. హెడ్‌సెట్ మైకు తెరిచిన మరుక్షణం ప్రొఫైల్ ఏ2డీపీ (నాణ్యమైన సంగీతం వినడానికి ఉన్నది) నుంచి కాల్ ప్రొఫైల్‌కు మారి, రేటు 16 కిలోహెర్ట్జ్‌కో 8 కిలోహెర్ట్జ్‌కో పడిపోతుంది. ఆన్‌లైన్‌లో సంగీతం నేర్చుకునేవారికి ఇది నిజమైన నష్టం, శ్రుతిలోని సూక్ష్మాలు వినిపించవు. వారు హెడ్‌సెట్‌ను వినడానికే ఉంచి, మైకుగా లాప్‌టాప్‌దిగాని, యూఎస్‌బీదిగాని ఎంచుకోవాలి. అంతకంటే తీగ ఉన్న హెడ్‌ఫోన్లు మేలు, ఆలస్యం కూడా ఉండదు.

ఇవన్నీ చేసినా కార్డు పలకకపోతే

పెన్‌డ్రైవ్ పరీక్షలోనూ, పాత కర్నెల్‌లోనూ, విండోస్ ఉంటే అందులోనూ శబ్దం రాకపోతే చిప్‌గాని, స్పీకరు తీగగాని పాడైందని అనుకోవాలి. అప్పటికి రిచీ స్ట్రీట్‌లో దొరికే చిన్న యూఎస్‌బీ సౌండ్ అడాప్టర్ చవకైన మార్గం. ప్రత్యేక డ్రైవర్ అడగని, యూఎస్‌బీ ఆడియో ప్రమాణాన్ని పాటించే రకానికి కర్నెల్‌లోనే డ్రైవర్ ఉంటుంది. లాప్‌టాప్‌ను వెంట తీసుకువెళ్ళి, దుకాణంలోనే గుచ్చి, "ఏప్లే -ఎల్"లో దాని పేరు వచ్చాకే డబ్బు చెల్లించండి.

విండోస్‌లో పలికి లినక్స్‌లో మాత్రమే పలకకపోతే మీ డిస్ట్రిబ్యూషన్‌ను (ఉబుంటు, డెబియన్ వంటి లినక్స్ రకాన్ని) తయారుచేసేవారికి లోపం నివేదిక పంపాలి. "ఆల్సా-ఇన్ఫో --నో-అప్‌లోడ్" కొడితే కార్డు, కర్నెల్, మిక్సర్ వివరాలన్నీ ఒక ఫైలులో చేరతాయి. దాన్ని జతచేసి, ఏ వెర్షన్ నుంచి ఏ వెర్షన్‌కు మారారో, పాత కర్నెల్‌లో శబ్దం వస్తోందో లేదో, కాగితం మీద రాసుకున్న మార్పులలో ఏవి ప్రయత్నించారో రాయండి. లాప్‌టాప్ మోడల్ పేరు పూర్తిగా ఇవ్వడం మరువవద్దు. డ్రైవర్ జాబితాలో మీ మోడల్‌ను చేర్చవలసిన వారికి మొదట కావలసినది అదే.